నాలుగెకరముల చేను

రాయలసీమలోని అనంతపురము ప్రాంతము వానకు పేద. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటునప్పటికే తమ నీటిలో అధికభాగమును ఆవలి వాలున కురిసి వచ్చును. ఈశాన్య ఋతుపవనములకు బంగాళాఖాతము దూరమగుటచే అవియు ఇచటికి చేరునప్పటికి సన్నగిల్లును. అందుచేత సంవత్సరమంతయు కలిపి ఇచట కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొలది వానయు నెలనెలకు పంచిపెట్టినట్లు పడదు. ఒకనాడు వంకలు పొంగి పారును. తరువాత నెల దినములు చినుకు రాలదు.

ఇట్టి చోట నాలుగెకరముల ఎఱ్ఱనేలను నమ్ముకొని యొక చిన్న కుటుంబము ఒక సంవత్సరమును ఎట్లు గడపెనో చూతము. ఐదెకరములకు, అనగా రెండు హెక్టారులకు లోబడిన భూమి గలవారు చిన్న రైతులు. అందును ఒక హెక్టారునకు లోబడినవారు సన్నకారు రైతులు. 2015-16 వ్యవసాయ గణనము ననుసరించి మన దేశములోని కమతములలో నూటికి 86 ఈ రెండు తెగలకు చెందినవే.

ఆ యింట ఐదుగురు. భర్తకు ఇరువదియెనిమిదేండ్లు, భార్యకు ఇరువదినాలుగు. ఐదేండ్ల కూతురు, రెండేండ్ల కొడుకు. అన్నదమ్ములు పాళ్లు పంచుకొన్నపుడు తల్లి చిన్నకొడుకు కడనే యుండిపోయెను. ఆస్తి యనదగినవి నాలుగెకరముల చేను, ఒక పాడియావు, ఆఱు గొఱ్ఱెలు. సహకార సంఘములో నలువదివేల రూపాయల అప్పు. కోడలు పదవ తరగతి వఱకు చదివినది. చేనికి పెట్టిన ప్రతి రూపాయిని ఆమె యొక నోటుపుస్తకమున వ్రాయును. అత్తకు అక్షరము రాదు గాని కార్తెలన్నియు నాలుకపైనుండును.

సూర్యుడు ఇరువదియేడు నక్షత్రములలో ఒక్కొక్కదానియందుండు కాలమే కార్తె. అది పదమూడు లేక పదునాలుగు దినములుండును. ఏ కార్తెలో దున్నవలెనో, దేనిలో విత్తవలెనో మన పెద్దలకు పంచాంగము చూడకయే తెలియును. నేటి పిల్లలకు జనవరి, ఫిబ్రవరి వచ్చును గాని కార్తెలు రావు. ఇది నాకు వెలితిగనే తోచుచుండును.

మే నెల 25 ప్రాంతమున రోహిణి ప్రవేశించెను. రోళ్లు పగులు ఎండలో దంపతులు దిబ్బలోని ఎరువును చేనికి తోలిరి. మృగశిరలో ఒక జల్లు పడినది, దున్నుటకు చాలినది. ఆరుద్రలో ఒక సాయంకాలము మఱియొక వాన కురిసెను. మఱునాడే ఊరిలో సగముమంది గొఱ్ఱులు కట్టి వేరుసెనగ విత్తసాగిరి. ఇచటివారు దానిని చెనిక్కాయ యందురు.

“అందఱు విత్తుచున్నారు. మనము చేతులు ముడుచుకొని కూర్చున్నచో అదను దాటిపోవును” అని కొడుకు తొందరపడెను.

“నాయనా, చేనులో చేయి పెట్టి చూచితివా?” అని తల్లి యడిగెను.

అతడు పోయి త్రవ్వి చూచెను. నాలుగు వ్రేళ్ల లోతు వఱకే తడి యున్నది. దాని క్రింద పొడిమట్టి. “మొలచుటకు ఈ తడి చాలును గదా!” అనెను.

“మొలచును, బ్రతుకదు” అని తల్లి.

కోడలు పుస్తకము తెచ్చి, “చూడుమయ్యా, ఎకరమునకు 60 కిలోల గింజలు. ఈ విత్తనము మన్నులో పోయినచో మరల కొనుటకు మనకడ ఏమున్నది?” అనెను.

వారు ఆగిరి. ఆగుట ఎల్లప్పుడును మేలని తలపరాదు. విత్తు ఆలస్యమైన కొలది చివరి వానలు పైరునకు అందకపోవచ్చును. ఆగిన దినములలో అతనికి కంటిమీద కునుకు లేదు. పునర్వసు కార్తెలో, జులై రెండవ వారమున, రాత్రి యంతయు వాన కురిసెను. తెల్లవారి చూడగా జానెడు లోతున తీసిన మట్టి పిడికిట పట్టిన ఉండగా నిలిచినది. ముందు విత్తినవారిలో కొందఱి మొలకలు అప్పటికే మాడిపోయినందున వారు మరల విత్తవలసివచ్చెను. చెఱువుమట్టి తోలిన చేలలో మాత్రము మొలకలు నిలిచినవి.

ఎద్దుల కాడిని బాడుగకు తెచ్చి గొఱ్ఱు కట్టిరి. అతడు నడుపుచుండగా ఆమె జడ్డిగములో గింజలు విడిచెను. మూడెకరములు వేరుసెనగ, ఏడు సాళ్లకు ఒక సాలు కంది. నాలుగవ యెకరముపై ఇంట వాదము జరిగెను. అందును వేరుసెనగయే వేసినచో రొక్కము చేతికి వచ్చునని అతని యాశ. తుదకు అందులో కొఱ్ఱ చల్లి, ఒక ప్రక్కన ఆవునకు పచ్చిజొన్న వేసిరి. గట్ల వెంట అలసందలు, అనుములు, ఆముదపు చెట్లు పెట్టిరి.

వేరుసెనగ వింత మొక్క. విత్తిన నెల దినములలోపుననే పసుపుపచ్చని పూవులు పూయును. పూవు నేలపై పూచినను కాయ నేలలోననే కాయవలెను. ఫలించిన పూవు మొదటినుండి సన్నని ఊడ బయలుదేరి, క్రిందికి వంగి మట్టిలో దిగును. దాని కొననే కాయ ఊరును. ఆ సమయమున మట్టి మెత్తగా నుండవలెను. బిగిసి యెండినచో ఊడ లోనికి దిగలేక పైననే వాడిపోవును.

ఆ యేడు సరిగా ఆ సమయముననే వాన ముఖము చాటు చేసెను. ఆశ్లేష పొడిగా పోయెను. మఖ వచ్చినది, ఇరువదినాలుగు దినములు చుక్క లేదు. మధ్యాహ్నమునకు ఆకులు ముడుచుకొని పోవుచున్నవి. చేని దిగువన ఒక సేద్యపు గుంట కలదు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన ఈ ప్రాంతముననే, బండ్లపల్లి గ్రామములో ఆరంభమైనది. ఆ పథకము క్రింద త్రవ్విన గుంటలలో నిది యొకటి. పునర్వసు వానకు అందులో చేరిన నీరు సుమారు నూఱు ఘనపు మీటర్లు మిగిలియుండెను.

మూడెకరములకును తలకొంత నీరు పంచవలెనని అతని కోరిక. “ముగ్గురు బిడ్డలలో ఒకరికే అన్నము పెట్టుదుమా?” అనెను.

ఆమె లెక్క వేసెను. నూఱు ఘనపు మీటర్ల నీటిని ఒక యెకరముపై పారించినచో రెండున్నర సెంటీమీటర్ల లోతు నిలుచును. మూడింటికి పంచినచో ఒక్కొక్క యెకరమునకు ఒక సెంటీమీటరైనను రాదు. సాయంకాలమునకు ఎండ దానిని త్రాగివేయును. “ముగ్గురికి పెదవులు తడిపిన ఒక్కరి దప్పికయు తీఱదు. గుంటకు దగ్గఱనున్న యెకరమునకే పెట్టుదము” అనెను. అతడు చాలసేపు మాటలాడలేదు. ఆ రాత్రియే ఇంజను బాడుగకు తెచ్చి, గొట్టములు వేసి, తెల్లవారువఱకు ఆ యొక్క యెకరమును తడిపిరి. తక్కిన రెండెకరముల మీదుగా ఇంటికి నడచి వచ్చునపుడు అతడు తల యెత్తలేదని తల్లి తరువాత చెప్పెను.

పుబ్బలో వాన వచ్చినది. ఆ రెండెకరములకు అది ఆలస్యమే.

కొఱ్ఱ ముందుగా కోతకు వచ్చి ఇంటికి తిండి యిచ్చెను. స్వాతి కార్తెలో వేరుసెనగ పెఱికిరి. మూట యొక్కంటికి 40 కిలోల చొప్పున, తడిపిన యెకరమున ఏడు మూటలు, తక్కిన రెండెకరములలో కలిపి రెండున్నర మూటలు వచ్చినవి. కట్టె మాత్రము వామిగా నిలిచి ఆవునకు మేతయైనది.

కాయలు ఆఱకముందే వర్తకుడు వచ్చెను. అన్నియు అమ్మి అప్పులో కొంత కట్టివేసిన మనస్సు తేలికపడునని భర్త తలచెను. కాని మూడెకరములకు 180 కిలోల గింజలు కావలెను. అన్ని గింజలకు ఆఱున్నర మూటల కాయలు వలువవలెను. కోతకాలపు ధర వేఱు, విత్తుకాలపు ధర వేఱు. “నేడు అమ్మిన ధరకు జూన్‌లో ఎవరిత్తురు?” అని భార్య ప్రశ్న. తడిపిన చేని కాయ గట్టిది గనుక ఆ యేడు మూటలను విత్తనమునకు దాచి, రెండున్నర మూటలు అమ్మిరి.

అప్పునకు వేఱు దారి వెదకవలసివచ్చెను. మూడు పొట్టేలు పిల్లలను అమ్మిరి. కంది వేరు లోతునకు పోవును గనుక ఎండను తట్టుకొని పుష్యమాసమున రెండు క్వింటాళ్లకు కొంచెము తక్కువగా పండెను. ఈ రెండింటితో అప్పు సగము తీఱెను. మిగిలిన సగమునకై సంక్రాంతి వెళ్లగనే అతడు బెంగుళూరునకు ఇండ్లు కట్టు పనికి పోయెను.

పదునొకండు వారములు ఆమె ఒక్కతెయే పాలు పితికి, గొఱ్ఱెలను మేపి, పిల్లను బడికి పంపెను. ఉగాది ముందునాడు అతడు రాగా కొడుకు తండ్రిని గుర్తింపక అవ్వ చాటున దాగెను. ఆ సాయంకాలమంతయు అతడు చేనివైపు పోలేదు. వాడు తన యొడిలోనికి వచ్చువఱకు అరుగుపైననే కూర్చుండెను.

రోహిణి మరల వచ్చినది. కాయ వలిచి యుంచిన గింజ త్వరగా చెడును గనుక విత్తుటకు కొలది దినముల ముందే వలుతురు. అత్తాకోడళ్లు రాత్రులందు వసారాలో కూర్చుండి వలిచిరి. కూతురు చితికిన గింజలను ఏఱి వేఱు పెట్టెను. ఏడవ మూటలో సగము మిగిలెను. తొలి విత్తు తప్పినచో అక్కఱకు వచ్చునని దాని మూతి మరల కుట్టి, అతడు అటకపైకి ఎక్కించెను.