ల్యాప్‌టాప్ పెద్దదా, చిన్నదా? ముందు పిల్లల రోజు ఎలా గడుస్తుందో చూడండి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసి, సీటు ఖాయమై, ఫీజు కట్టేశాక చాలా ఇళ్లలో మొదలయ్యే తర్వాతి చర్చ ల్యాప్‌టాప్ గురించే. ఏ కంపెనీది మంచిది, ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత ఉండాలి అని తెలిసినవాళ్లందరినీ అడుగుతాం. సైజు గురించి మాత్రం షాపులోకి అడుగుపెట్టేదాకా ఆలోచించం. అక్కడ వరసగా తెరిచి పెట్టినవాటిలో పెద్ద తెర ఉన్నదే కంటికి ఇంపుగా కనిపిస్తుంది. ధరలో కూడా పెద్ద తేడా ఉండదు. ఒక్కోసారి 14 అంగుళాల దానికన్నా 15.6 అంగుళాలదే తక్కువకు దొరుకుతుంది. "అదే డబ్బుకు పెద్దది వస్తుంటే చిన్నది ఎందుకు?" అనుకుని తెచ్చేస్తాం.

టీవీ కొనేటప్పుడు ఆ లెక్క సరైనదే. ఎందుకంటే టీవీ గోడ మీద నుంచి కదలదు. ల్యాప్‌టాప్ అలా కాదు. పిల్లల భుజం మీద బస్సెక్కుతుంది, లైబ్రరీకి వెళ్తుంది, హాస్టల్ మంచం మీదా క్లాసు బెంచీ మీదా తెరుచుకుంటుంది. పైగా ర్యామ్ చాలకపోతే కొన్ని మోడళ్లలో పెంచుకోవచ్చు. స్టోరేజీ నిండితే చాలావాటిలో మార్చుకోవచ్చు. తెర సైజు, బరువు మాత్రం కొన్నరోజు ఎంతో నాలుగేళ్ల తర్వాతా అంతే. అందుకే సైజు నిర్ణయించే ముందు ధరల పట్టిక కన్నా మీ అబ్బాయికో అమ్మాయికో రోజు ఎలా గడుస్తుందో చూడమని నా సలహా.

అంగుళాల లెక్క అర్థం చేసుకుందాం

ల్యాప్‌టాప్ తెరను ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కొలుస్తారు. అందుకే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. మామూలు 15.6 అంగుళాల తెర వెడల్పు సుమారు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు. ఇప్పుడు వస్తున్న 14 అంగుళాల మోడళ్లలో చాలావాటికి తెర కొంచెం ఎత్తుగా ఉంటోంది. వాటి వెడల్పు సుమారు 30.2, ఎత్తు సుమారు 18.8 సెంటీమీటర్లు. అంటే ఎత్తులో తేడా అర సెంటీమీటరు పైచిలుకే. నోట్స్ చదవడానికి, ప్రోగ్రాం రాయడానికి ఎక్కువగా కావలసింది ఎత్తే. వెడల్పు ఎక్కువగా ఉంటే రెండు ఫైళ్లను పక్కపక్కన తెరిచి పెట్టుకోవడం సుఖంగా ఉంటుంది.

ఈ ఎత్తు తెర ఉన్నదీ లేనిదీ తెలుసుకోవాలంటే పెట్టె మీద వివరాలు చూడండి. 1920 x 1200 అని ఉంటే అది ఎత్తు తెర. 1920 x 1080 అంటే మామూలు తెర. చవగ్గా వస్తోందని 1366 x 768 ఉన్నది మాత్రం తీసుకోకండి. సైజు ఎంతున్నా అందులో అక్షరాలు అంత స్పష్టంగా ఉండవు, పేజీలో కొద్ది భాగమే కనిపిస్తుంది.

బరువును చిన్నదిగా చూడకండి

చదువుకోవడానికి కొనే 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా 1.3 నుంచి 1.5 కిలోల మధ్య ఉంటాయి. 15.6 అంగుళాలవి 1.6 నుంచి 1.8 కిలోల దాకా ఉంటాయి. గేమింగ్ రకాలైతే 2.2 కిలోలు దాటిపోతాయి, వాటి ఛార్జరే అరకిలో, ఆపైన కూడా తూగుతుంది. షాపులో ఒక నిమిషం చేతిలో పట్టుకుంటే ఈ తేడా తెలియదు. రికార్డులు, నీళ్ల సీసా, టిఫిన్ బాక్సు, ల్యాబ్ కోటు ఉన్న బ్యాగులో పెట్టి నాలుగు అంతస్తులు ఎక్కితే తెలుస్తుంది.

కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ల ఒంటి బరువులో పదో వంతు మించకూడదు. అది బడిపిల్లల కోసం పెట్టిన హద్దే అయినా కాలేజీ పిల్లల వీపుకూ అది మంచి గుర్తే. 50 కిలోల అమ్మాయి బ్యాగు 5 కిలోలు దాటకూడదనుకుంటే, ఛార్జరుతో కలిపి దాదాపు 3 కిలోలు ఉండే గేమింగ్ ల్యాప్‌టాప్ ఒక్కటే అందులో సగానికి మించి తీసేసుకుంటుంది.

మన ఇంజనీరింగ్ కాలేజీలు చాలావరకు ఊరి బయట ఉన్నాయి. హైదరాబాద్ నడిబొడ్డు నుంచి ఘట్‌కేసర్‌కో, ఇబ్రహీంపట్నానికో, మేడ్చల్‌కో రోజూ వెళ్లివచ్చే పిల్లల పొద్దూ సాయంత్రం బస్సులోనే గడుస్తాయి. బరువు ఎక్కువైతే వాళ్లు మొదటి నెలంతా మోస్తారు, తర్వాత ఇంట్లో వదిలేసి వెళ్తారు. ల్యాబ్‌లో సొంతంగా ప్రయత్నించాల్సిన పూట, ప్రాజెక్టు కోసం నలుగురూ కూర్చున్న పూట అది దగ్గర ఉండదు. ఎంత మంచి ల్యాప్‌టాప్ అయినా అవసరమైన చోట పిల్లల చేతిలో లేకపోతే మీరు పెట్టిన డబ్బుకు ఫలితం దక్కదు.

ఏ చదువుకు ఏ సైజు?

బడిపిల్లలకు, ఇంటర్ చదివేవాళ్లకు కొంటుంటే ఆ ల్యాప్‌టాప్ ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది. అలాంటప్పుడు 15.6 అంగుళాలది నిశ్చింతగా కొనవచ్చు. జేఈఈ మెయిన్‌లో ఇంజనీరింగ్ పేపరు 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది, ఎప్‌సెట్ కూడా అంతే. కాబట్టి మౌస్ పట్టుకుని పెద్ద తెర మీద మాక్ టెస్టులు రాయడం అలవాటైతే మంచిదే. దాన్ని హాల్లో అందరికీ కనిపించే చోట పెట్టండి. పిల్లలు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఉంటే అక్కడ ల్యాప్‌టాప్‌కు అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే ఈ రెండేళ్లూ ఆగడమే తెలివైన పని.

కంప్యూటర్ సైన్స్, ఐటీ, ఈసీఈ పిల్లలకు 14 అంగుళాలు సరిపోతుంది. ప్రోగ్రాం రాయడానికి పెద్ద తెర కన్నా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, వేళ్లకు హాయిగా ఉండే కీబోర్డు ముఖ్యం. సైజులో మిగిలే డబ్బు ఏమైనా ఉంటే అటు పెట్టండి.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్ పిల్లల సంగతి వేరు. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి వాటిలో తెర చుట్టూ పనిముట్ల వరసలే ఉంటాయి, మధ్యలో గీసుకోవడానికి మిగిలే చోటు తక్కువ. అక్కడ 15.6 లేదా 16 అంగుళాలు, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండటం నిజమైన అవసరం. వీడియో ఎడిటింగ్, యానిమేషన్ నేర్చుకునేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్లు ఏ సెమిస్టర్ నుంచి వాడతారో, కాలేజీ ల్యాబ్‌లో ఎంతవరకు దొరుకుతాయో సీనియర్లను అడిగి తెలుసుకోండి.

బీకాం, సీఏ పిల్లలు రోజంతా అంకెలతో గడుపుతారు. ట్యాలీలో, ఎక్సెల్‌లో పని చేసేటప్పుడు కుడిపక్కన ఉండే అంకెల మీటలు బాగా కలిసివస్తాయి. ఇవి చాలావరకు 15.6 అంగుళాల మోడళ్లలోనే ఉంటాయి. అయితే ఆ మీటల కోసం అక్షరాలన్నీ ఎడమ వైపు జరుగుతాయి కాబట్టి కొందరికి టైపు చేయడం ఇబ్బందిగా ఉంటుంది. చిన్నది కొని, యూఎస్‌బీతో తగిలించుకునే అంకెల మీటల పలక విడిగా కొన్ని వందల రూపాయలకు తెచ్చుకోవడం ఇంకో దారి.

లా, నర్సింగ్, ఫార్మసీ, ఆర్ట్స్ చదివేవాళ్లకు చదవడం, రాయడం, వెతుక్కోవడమే ప్రధానం. 13 లేదా 14 అంగుళాల తేలికైనది వాళ్లకు చాలు.

హాస్టల్లో ఉంటే ఇంకొన్ని చూడాలి

హాస్టల్ గదిలో బల్ల చిన్నది, ప్లగ్ పాయింట్లు ఇద్దరు ముగ్గురికి కలిపి ఉంటాయి. అందుకని సైజుతో పాటు బ్యాటరీ కూడా చూడండి. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్-అవర్లలో చెబుతారు. పెద్ద ల్యాప్‌టాప్‌లో పెద్ద బ్యాటరీ ఉంటుందని అనుకోవద్దు. తక్కువ ధర 15.6 అంగుళాల మోడళ్లలో చాలావాటికి 40 వాట్-అవర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, పైగా పెద్ద తెర కరెంటు ఎక్కువ తాగుతుంది. 50 వాట్-అవర్లు, ఆపైన ఉన్నది ఎంచుకుంటే మంచిది. టైప్-సి తో ఛార్జ్ అయ్యేదైతే మోయాల్సిన ఛార్జరు చిన్నది, పోయినా ఇంకొకటి తేలిగ్గా దొరుకుతుంది.

పైచదువుకు అమెరికాకో, ఇంగ్లండ్‌కో వెళ్తున్న పిల్లలకు ఒక మాట. విమానంలో ల్యాప్‌టాప్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవడం క్షేమం. 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీకి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లన్నీ ఈ హద్దులోనే ఉంటాయి. ఛార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి కాబట్టి అక్కడికి తగిన ప్లగ్ ఒక్కటి ఉంటే చాలు. వారంటీ ఆ దేశంలో చెల్లుతుందో లేదో మాత్రం కొనే ముందే కాగితం మీద చూసుకోండి.

చిన్న తెరతో కళ్లు పాడవుతాయా?

తల్లిదండ్రులకు సహజంగా ఉండే భయం ఇది. కళ్లకు శ్రమ కలిగేది తెర సైజు వల్లే కాదు. చాలా దగ్గరగా చూడటం, అక్షరం మరీ చిన్నగా ఉండటం, విరామం లేకుండా చూడటం ముఖ్య కారణాలు. విండోస్ సెట్టింగుల్లో అక్షరాలను 125, 150 శాతానికి పెంచుకోవచ్చు. తెరను ఒక చేయి దూరంలో ఉంచుకోమనండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. అలవాటైతే ఇది తేలిక. ఇవన్నీ చేసినా తలనొప్పి, మసక ఉంటే ల్యాప్‌టాప్ మార్చడం కన్నా ముందు కళ్లు పరీక్ష చేయించండి.

మెడ విషయానికి వస్తే 14 అయినా 16 అయినా ఒకటే. తెర, కీబోర్డు అతుక్కుని ఉన్నంతకాలం తల వంచక తప్పదు. ఇంట్లో గంటల తరబడి చదివేవాళ్లకు నేను చెప్పే దారి ఇది. 14 అంగుళాల ల్యాప్‌టాప్ కొని, వీలైనప్పుడు ఇంటి బల్ల మీదకు 22 లేదా 24 అంగుళాల మానిటర్, కీబోర్డు, మౌస్ చేర్చండి. మామూలు మానిటర్ పది వేల రూపాయల లోపే దొరుకుతుంది. మానిటర్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలి. మోయడానికి తేలిక, కూర్చుని చేయడానికి విశాలం, రెండూ కుదురుతాయి. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో ముందే చూసుకోండి.

గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగితే

"నాన్నా, కోడింగ్‌కు గేమింగ్ ల్యాప్‌టాపే కావాలి" అని అబ్బాయి అడిగితే వెంటనే కోప్పడకండి. కొన్ని చదువులకు దానిలోని గ్రాఫిక్స్ నిజంగానే అవసరం. ఏ సబ్జెక్టుకు, ఏ సాఫ్ట్‌వేర్‌కు కావాలో చెప్పమని నెమ్మదిగా అడగండి. మెషీన్ లెర్నింగ్ అని చెబితే, మొదట్లో నేర్చుకోవడానికి గూగుల్ కొల్యాబ్ లాంటివి ఉచితంగా దొరుకుతాయని చెప్పండి. ఆ బరువు రోజూ మోయగలడా, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని వాడినే కనుక్కుని రమ్మనండి. ఆ వివరాలు తెచ్చాక కలిసి నిర్ణయించండి. ఆటలు ఆడుకోవాలనే కోరిక కూడా ఉంటే అది దాచాల్సిన సంగతిలా చూడకండి. మనసులో మాట బయటికి చెప్పే వీలుంటే పిల్లలు అవసరాన్నీ ఇష్టాన్నీ తామే వేరుచేసి చూసుకుంటారు. పక్కింటి పిల్లల దగ్గర ఏముందో పోల్చి చెప్పడం మాత్రం ఇరువైపులా మానుకోవాలి.

కొనే రోజు

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, మీ ఊళ్లోని షాపుకు వెళ్లినా, వాడబోయేవాళ్లను వెంట తీసుకెళ్లండి. వాళ్ల కాలేజీ బ్యాగు కూడా తీసుకెళ్లండి. ల్యాప్‌టాప్, ఛార్జరు అందులో పట్టాయో లేదో పెట్టి చూడండి, భుజాన వేసుకుని కాసేపు నడవమనండి. ఒక పేరా టైపు చేయించండి. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిపించి చదవమనండి. ఆన్‌లైన్‌లో కొన్నా ముందు ఒకసారి షాపుకెళ్లి ఆ సైజును చేత్తో పట్టుకుని చూడటం మంచిది. సర్వీస్ సెంటర్ పిల్లలు చదివే ఊళ్లో ఉందో లేదో కనుక్కోండి. కిందపడి పగిలినా వర్తించే అదనపు రక్షణ తీసుకుంటే హాస్టల్ పిల్లలకు ధైర్యం.

డబ్బు సర్దుబాటు కష్టంగా ఉంటే చదువు కోసం తీసుకునే బ్యాంకు రుణంలో, కోర్సుకు అవసరమైతే కంప్యూటర్ ఖర్చును కూడా చేర్చే వీలుంది. రుణానికి దరఖాస్తు చేసేటప్పుడే బ్యాంకులో అడగండి.

ఇన్ని చూశాక కూడా తేల్చుకోలేకపోతే నా మాట ఇది: రోజూ మోసేవాళ్లకు 14 అంగుళాలది కొనండి, ఒకేచోట ఉంచి గీతలూ బొమ్మలూ గీసేవాళ్లకు 15.6 లేదా 16 అంగుళాలది కొనండి. సైజు ఎంచే ఆఖరి మాట మాత్రం పిల్లలకు వదలండి. నాలుగేళ్లు దాన్ని మోసేది, దానితో చదివేది వాళ్లే.