డబ్బా మీది నంబరు చూడకుండా గుడ్డ తడపకండి

ఆలంగుళం, కోవిల్‌పట్టి వైపు తెలుగు ఇళ్ల నుంచి శివకాశి ఆఫ్‌సెట్ ప్రెస్సులకు పనికి వెళ్లే తమ్ముళ్లకు ఈ మాట. రంగు మార్చినప్పుడల్లా బ్లాంకెట్ తుడిచే వాష్ ఘాటు మీకు అలవాటైపోయి ఉంటుంది. అందులో ఏముందని అడిగితే, "ఇన్నేళ్లుగా వాడుతున్నాం, ఎవరికేమైంది?" అంటారు. ఆ జవాబుతో ఊరుకోకండి.

జపాన్‌లోని ఒసాకాలో ఒక ప్రూఫ్ ప్రింటింగ్ ప్రెస్సులోనూ ఇదే పని. గాలి సరిగా ఆడని గదిలో రోజంతా బ్లాంకెట్లు తుడిచేవాళ్లు. 1991, 2006 మధ్య అక్కడ కనీసం ఏడాది పనిచేసిన 62 మంది మగవాళ్లలో 11 మందికి పిత్తనాళాల క్యాన్సర్ వచ్చిందని 2013లో వచ్చిన అధ్యయనం చెప్పింది. జబ్బు బయటపడేనాటికి వాళ్లకు 25 నుంచి 45 ఏళ్లే. వాళ్లు వాడినవి 1,2-డైక్లోరోప్రొపేన్, డైక్లోరోమీథేన్ అనే ద్రావకాలు. మొదటిదాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999లో 'తేల్చలేం' అన్న వర్గంలో ఉంచింది. 2014లో అదే సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి వరసలో చేర్చింది. రుజువు లేదన్న మాటకు ప్రమాదం లేదని అర్థం కాదు. పైగా చాలాసార్లు హాని చేసేది ద్రావకం కాదు, ఒంట్లో అది మారినప్పుడు పుట్టే పదార్థాలు. ఆ మార్పు ఎలుకలో, మనిషిలో ఒకేలా జరగదు. అందుకే జంతువుల మీద పరీక్ష ఒక్కటే చాలదు.

డబ్బా లేబుల్ మీద గీతలతో విడదీసిన ఒక నంబరు ఉంటుంది. 78-87-5 ఉంటే డైక్లోరోప్రొపేన్, 75-09-2 డైక్లోరోమీథేన్, 79-01-6 ఉంటే ఇలాంటిదే మరో ద్రావకం, ట్రైక్లోరోఎథిలీన్. ఇవి కనిపిస్తే వేరే వాష్ తెప్పించమని నలుగురూ కలిసి అడగండి. లేబుల్ లేని డబ్బా ముట్టుకోకండి, దాని సేఫ్టీ డేటా షీట్ చూపించమనండి. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ ఈ సమాచారం అడిగే హక్కు కార్మికుడికి ఇచ్చింది. ఈ ద్రావకాల ఆవిర్లు గాలికన్నా బరువైనవి, నేల దగ్గరే పేరుకుంటాయి. పైకప్పు ఫ్యాను వాటిని బయటికి పంపదు, పని జరిగేచోటే ఎగ్జాస్ట్ ఉండాలి. ముక్కుకు కట్టిన గుడ్డ ఆవిరిని ఆపదు. మామూలు రబ్బరు గ్లౌజుల్లోంచి డైక్లోరోమీథేన్ నిమిషాల్లో చేతికి దిగుతుంది. తడి గుడ్డలు మూత ఉన్న డబ్బాలోనే వేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్తే ముందు మీ పనేమిటో చెప్పండి. కాలేయం పరీక్షలో గామా జీటీ కూడా చూడమనండి, ఒసాకా రోగుల్లో అది పెరిగింది. ట్రైక్లోరోఎథిలీన్ వాడేవాళ్లకు వారం చివరి షిఫ్టు అయ్యాక మూత్రంలో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చూస్తే ఒంట్లోకి ఎంత చేరిందో తెలుస్తుంది. కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆలస్యం చేయకండి.

ఒసాకాలో కొందరికి పని మానేశాక ఏళ్లు గడిచి జబ్బు బయటపడింది. కాబట్టి ఏ ప్రెస్సులో, ఏ ఏడాది, ఏ ద్రావకం వాడారో ఒక నోటు పుస్తకంలో రాసుకుని, జీతం చీటీలతో కలిపి ఇంట్లో దాచుకోండి.