తల్లిదండ్రుల వలన పిల్లలకు కలుగగల హాని: పరోక్ష అంచనా పద్ధతులు, వాటి హద్దులు

"మీరు మీ బిడ్డను కొడతారా?" అని తల్లిదండ్రులను సూటిగా అడిగితే నిజమైన సమాధానం లభించడం అరుదు. కొందరు భయంచేత దాస్తారు. కొందరు సిగ్గుచేత తగ్గించి చెబుతారు. మరికొందరికి తాము చేస్తున్నది హింస అన్న స్పృహే ఉండదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను దెబ్బకు సమర్థనగా చెప్పుకొనే ఇంట దెబ్బ పెంపకంలో భాగంగానే లెక్కకు వస్తుంది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలకు చెందిన 12,447 మంది పిల్లలను ప్రశ్నించగా, ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్లు తేలింది. హింస ఇంత విస్తృతమైనప్పుడు, అది జరుగకముందే ప్రమాదాన్ని గుర్తించే మార్గాలను పరిశోధకులు అన్వేషించడం సహజం. ఆ అన్వేషణ నుండి పుట్టినవే పరోక్ష పద్ధతులు.

మూడు పద్ధతులు

మొదటిది ప్రశ్నావళి. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జోయెల్ మిల్నర్ రూపొందించిన ప్రశ్నావళిలో 160 వాక్యాలు ఉన్నాయి. ప్రతి వాక్యానికి "ఔను", "కాదు" అని మాత్రమే చెప్పాలి. వాటిలో 77 వాక్యాలు ప్రమాదాన్ని కొలుస్తాయి. మనోవేదన, మొండి నియమాలు, అసంతృప్తి, కుటుంబంతోను ఇతరులతోను కలిగే చిక్కులు వాటికి విషయాలు. మంచివారిగా కనిపించాలన్న తాపత్రయంతో ఇచ్చిన సమాధానాలను పట్టుకొనడానికి వేరొక కొలమానం కూడా అందులోనే ఉన్నది.

రెండవది దృశ్యం. క్రిస్టీనా రోడ్రిగెజ్ బృందం రూపొందించిన పరీక్షలో, తల్లి లేదా తండ్రి బిడ్డతో ప్రవర్తించే తీరును చూపే చిన్న చిత్రాలను ప్రదర్శిస్తారు. "ఇది హింస" అని తోచిన క్షణాన చిత్రాన్ని ఆపివేయాలి. ఎంత ఆలస్యంగా ఆపితే, దెబ్బ పట్ల అంత సహనం ఉన్నదని భావిస్తారు. ఇక్కడ సాక్ష్యం మాట కాదు, కాలం.

మూడవది పిడికిలి. బలాన్ని కొలిచే పరికరాన్ని పూర్తి శక్తితోను, పిమ్మట సగం శక్తితోను నొక్కడం నేర్పుతారు. ఆపై పసిబిడ్డ ఏడుపును వినిపిస్తూ అదే పని చేయిస్తారు. ఏడుపు చెవినపడినప్పుడు చేతిని అదుపులో ఉంచుకొనగలరా అన్నదే ఈ పరీక్ష అడిగే ప్రశ్న.

అంకెలు చెప్పే హెచ్చరిక

ఈ పరీక్షలు జరిగిన నేరాన్ని రుజువు చేయవు. జరుగగల ప్రమాదాన్ని మాత్రమే సూచిస్తాయి. ఒక ఊహాలెక్క చూడండి. 1,000 మంది తల్లిదండ్రులలో 20 మంది నిజంగా ప్రమాదకరులని, పరీక్ష నూటికి 90 సార్లు సరిగా చెబుతుందని అనుకొందాం. ఆ 20 మందిలో 18 మంది దొరుకుతారు, ఇద్దరు తప్పిపోతారు. మిగిలిన 980 మందిలో 98 మందిపై నిష్కారణంగా అనుమానం పడుతుంది. అనగా వేలెత్తి చూపబడిన 116 మందిలో 98 మంది నిర్దోషులు. ఒకవైపు తప్పిపోయిన ఇద్దరి ఇళ్లలోని బిడ్డలు, మరొకవైపు అపనిందకు గురైన 98 కుటుంబాలు. ఈ రెండు నష్టాలను తూచకుండా ఏ పరీక్షనూ వాడరాదు.

భాష తెచ్చే చిక్కు

బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా కార్యాలయ భాషలు. అక్కడి అనేక ఇళ్లలో మాట్లాడేది తెలుగు. పరాయి భాషలో అడిగిన ప్రశ్నకు మర్యాదకు తగిన జవాబే వస్తుంది. అనువదించినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. "బిడ్డకు బుద్ధి చెప్పాలి" అన్న వాక్యం ఒకరికి నచ్చజెప్పడం, మరొకరికి చేయి చేసుకోవడం. ఇద్దరూ "ఔను" అంటారు. అంకె ఒకటే, అర్థాలు రెండు. కనుక అనువదించిన ప్రశ్నావళిని ఆ భాషవారి నడుమ మళ్లీ పరీక్షించిన తరువాతనే దాని అంకెను నమ్మవలెను.

మన కర్తవ్యం

ఇవి శిక్షణ పొందిన నిపుణుల సాధనాలు. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగువారు చేయవలసిన పని వేరు. నిద్రలేమి, అప్పులు, ఒంటరితనం, మద్యం వలన నలిగిపోతున్న ఇంటిని గుర్తించినప్పుడు ముద్ర వేయక, సాయం చేరవేయండి. బిడ్డకు హాని జరుగుతున్నదని తెలిస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకండి. బాలల సహాయవాణి 1098 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చును. లైంగిక నేరమైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలుపడం తప్పనిసరి. బిడ్డను సంరక్షించవలసినవారే క్రూరంగా హింసిస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షను క్రింద శిక్షార్హులు.

ఆలోచించండి

1. పై లెక్కలో పరీక్ష నూటికి 95 సార్లు సరిగా చెబితే, నిష్కారణంగా అనుమానింపబడేవారు ఎందరు?
2. "క్రమశిక్షణ" అన్న మాటకు మీ ఇంట ఉన్న అర్థమేమి? మీ పొరుగింట అదే అర్థమున్నదా?