పెట్రోలు స్ప్రేయర్ ఇంజన్లలో గాలి లీకు: గుర్తింపు, సవరణ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున గల పీఠభూమి. గుడుపల్లె వంటి మండలాల్లో టమాట, ఇతర కూరగాయ పంటల సస్యరక్షణకు వీపున మోసే పెట్రోలు ఇంజను స్ప్రేయర్లు (వాడుకలో తైవాన్ స్ప్రేయర్లు) ఉపయోగపడుతున్నాయి. ఐడ్లింగులో ఇంజను నిలకడ తప్పినపుడు ముందుగా కార్బ్యురేటర్ స్క్రూను తిప్పడం పరిపాటి. గాలి లీకు ఉన్నపుడు ఈ సర్దుబాటు లోపాన్ని కప్పిపుచ్చుతుందే గాని తొలగించదు.

లోప స్వభావం: పెట్రోలు పూర్తిగా మండుటకు బరువు ప్రకారం 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి అవసరం. కార్బ్యురేటర్ దాటిన తరువాత చీలిక గుండా చొరబడిన గాలి ఈ లెక్కలోకి రాదు, మిశ్రమం పలుచబడుతుంది. ఐడ్లింగులో ఇంజను పీల్చే గాలి స్వల్పం గనుక చిన్న లీకు ప్రభావం కూడా అక్కడే ముందుగా బయటపడుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో కందెన నూనె పెట్రోలుతో కలిసే వస్తుంది. మిశ్రమం పలుచబడితే వేడి పెరిగి, నూనె తగ్గి, పిస్టన్ పట్టివేయవచ్చు.

లక్షణాలు: ఇంజను వేగం తనంతట పెరిగి తగ్గడం, యాక్సిలరేటర్ వదిలినా వేగం ఆలస్యంగా దిగడం, చోక్ కొంత మూసినపుడు మాత్రమే సాఫీగా నడవడం, స్పార్క్ ప్లగ్ మొన తెల్లబారడం.

ఎత్తైన ప్రాంతంలో గాలి సాంద్రత 6 నుంచి 7 శాతం తక్కువ కావడంతో మిశ్రమంలో పెట్రోలు పాలు కొద్దిగా పెరుగుతుంది. కనుక పై లక్షణాలకు ఎత్తును కారణంగా చెప్పరాదు. లీకును గాని, ఇంధన మార్గంలో అడ్డంకిని గాని అనుమానించాలి.

పరీక్షా క్రమం:
1. ట్యాంకు మూత రంధ్రం, పెట్రోలు ఫిల్టర్, గొట్టాలు పరిశీలించి ఇంధన అడ్డంకి లేదని నిర్ధారించాలి.
2. కార్బ్యురేటర్ బోల్టుల బిగింపు, గ్యాస్కెట్, రబ్బరు భాగాల పగుళ్లు చూడాలి.
3. మందు ట్యాంకును కడిగి మంచినీరు నింపి, ఆరుబయట ఇంజను నడపాలి. అతుకులపై చేతి స్ప్రేతో కొద్దిగా నీరు చల్లాలి. ప్లగ్, దాని తీగ తడవరాదు. ఒకచోట నీరు పడగానే వేగం మారితే లీకు అక్కడే ఉంది. ఇందుకు పెట్రోలు చల్లడం అగ్నిప్రమాదానికి దారితీస్తుంది.
4. అక్కడ దొరకకపోతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లను మెకానిక్ వద్ద పీడన పరీక్ష చేయించాలి.

లీకు సరిచేసిన పిమ్మటనే ఐడ్లింగ్ స్క్రూను తయారీదారు సూచించిన వేగానికి సర్దాలి. అనంతరం పిచికారీ వేగంలో ఇంజను నడిపి, ఒక నిమిషంలో నాజిల్ విడుదల చేసే నీటిని కొలపాత్రతో కొలవాలి. నిమిషానికి 1 లీటరు రావలసిన చోట 800 మి.లీ. వస్తే, అదే నడకలో ఎకరాకు అందే మందు 20 శాతం తగ్గుతుంది.

మందు పనిచేయలేదని రైతు చెప్పినపుడు మోతాదు పెంచమని సిఫారసు చేయుటకు ముందు విస్తరణ శాస్త్రవేత్తలు ఇంజను నిలకడను, నాజిల్ విడుదలను పరిశీలించడం అవసరం.