ఇంటర్ ఫలితాల వారం: ఇంట్లో చేయవలసినవి, చేయకూడనివి

ఇంటర్ ఫలితాలు ఫలానా రోజని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, చాలా ఇళ్లలో పిల్లలకు అన్నం సయించదు. జూనియర్ కాలేజీలో చాలాకాలం పాఠాలు చెప్పాను కాబట్టి ఈ నాలుగు మాటలు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఇవి ఫెయిలయ్యే పిల్లల కోసమే అనుకోకండి. ఫస్టియర్‌లో 470కి 452 తెచ్చుకుని, పక్కవాడికి 465 వచ్చాయని గదిలోంచి బయటికి రాని పిల్లలనూ చూశాను. ఆ వారంలో వాళ్లను కాపాడేది మార్కులు కావు, మనం ఇంట్లో చేసుకునే చిన్న చిన్న ఏర్పాట్లు.

ఫలితాలకు ముందే

పురుగుమందు డబ్బాలు తాళంలో పెట్టండి. అన్నిటికంటే ముందు చేయవలసింది ఇదే. మనింట్లో అలాంటిదేం జరుగుతుందిలే అని చాలామంది వదిలేస్తారు కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఏప్రిల్ నాటికి పత్తి పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. పైరుకు కొట్టగా మిగిలిన మందు, సగం వాడిన గడ్డిమందు సీసా కొట్టంలోనో, స్నానాల గది గూట్లోనో, మంచం కిందో ఉండిపోతాయి. వానాకాలానికి పనికొస్తాయని ఎవరూ వాటిని కదపరు. వాటన్నిటినీ ఒక ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేయండి. తాళంచెవి మేకుకు తగిలించకుండా మీ దగ్గరే ఉంచుకోండి. పట్నంలో ఉంటే తాతయ్య బీపీ, షుగర్ మాత్రలు, నిద్రమాత్రలు, ఎలుకల మందు చూసుకోండి. ఒకట్రెండు రోజులకు సరిపడా మాత్రలు బయట ఉంచి మిగతావి బీరువాలో పెట్టేయండి.

చావాలనుకున్నవాణ్ని తాళం ఆపుతుందా అని అడుగుతారు. చాలాసార్లు ఆపుతుంది. ఈ వయసులో ఆ ఉధృతి తరచుగా కొద్ది నిమిషాలది, మహా అయితే కొద్ది గంటలది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే గండం గడుస్తుంది. అలా గట్టెక్కినవాళ్లలో ఎక్కువమంది తర్వాత నిండు జీవితం గడుపుతారు. శ్రీలంక పల్లెల్లోనూ మనలాంటి వ్యవసాయ కుటుంబాలే. అక్కడి ప్రభుత్వం మరీ విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చింది. 1995 నుంచి 2015 లోపు అక్కడ ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. జనం కష్టాలన్నీ తీరిపోయి తగ్గలేదు. ఆ క్షణంలో చేతికందే విషం తగ్గింది కాబట్టి తగ్గింది.

ముందురోజు రాత్రి అన్నాల దగ్గరే మాట ఇవ్వండి. "ఎన్నొచ్చినా రేపు కలిసే చూద్దాం. తక్కువొస్తే సప్లిమెంటరీ ఉంది, ఫీజు నేను కడతా." ఇదే మాట ఫలితాలు వచ్చాక అంటే, తన బాధ చూడలేక అంటున్నారని పిల్లలు అనుకుంటారు. ముందే అంటే నమ్ముతారు.

"నీకేంట్రా, స్టేట్ ర్యాంక్ గ్యారంటీ" అనకండి. ధైర్యం చెబుతున్నామనుకుంటాం గానీ పిల్లవాడికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి ఆ ఒక్క మాట చాలు.

ఫలితాలు వచ్చే పూట

ఒంటరిగా వదలకండి. అమ్మానాన్నల్లో ఒకరు ఇంట్లో ఉండాలి. కూలి పోతుందంటే అమ్మమ్మనో, పిన్నినో, బాబాయినో పిలిపించుకోండి. ఎంట్రన్స్ కోచింగ్ పేరుతో పిల్లలు ఇంకా హాస్టల్లోనే ఉంటే ముందురోజే వెళ్లి తీసుకురండి. ఔటింగ్ లేదని వార్డెన్ అంటే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి గట్టిగా అడగండి. ఒక్కరోజు క్లాసు పోతే కొంప మునగదు.

బంధువుల ఫోన్లు మీరే తీయండి. "మావాడు మీతో తర్వాత మాట్లాడతాడు" అని పెట్టేయండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మేనమామతో మార్కులు చెప్పించకండి. ఒకటి, ఒకటి, ఒకటి అంటూ ర్యాంకుల ప్రకటనలు మోగే టీవీని ఆ పూటకు కట్టేయండి.

డబ్బు లెక్క ఎత్తకండి. "లక్షలు పోసి చదివించాం, పొలం తాకట్టు పెట్టాం" అనే మాట కోపంలో వచ్చేస్తుంది. మన మనసులో అది గంటలో చల్లారుతుంది. పిల్లలు మాత్రం దాన్ని పట్టుకుని లోపల లెక్క వేసుకుంటారు: నా వల్ల అప్పు, నేను లేకపోతే అప్పు లేదు. నాతో మనసు విప్పిన పిల్లల్లో చాలామంది ఫెయిలైనందుకు కంటే ఈ లెక్కకే ఎక్కువ కుంగిపోయారు. పక్కింటి పిల్లతో పోల్చడం కూడా ఇంతే చెరుపు చేస్తుంది.

మెమోలో వచ్చిందే నిజమని అప్పుడే తీర్పు చెప్పకండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. చివరికి ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ మళ్లీ చూడమని ప్రభుత్వమే ఆదేశించింది. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని చూపించారు, సరిచూస్తే 99. ఆ పిల్లను ఆ సున్నా చూసిన రాత్రి ఇంట్లోవాళ్లు ఏమని ఉంటారో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కో, రీవెరిఫికేషన్‌కో గడువులోగా పిల్లలతో కలిసి దరఖాస్తు పెట్టండి.

ఆ తర్వాతి రోజుల్లో

గమనించండి. తిండి, నిద్ర తగ్గడం అందరికీ కనిపిస్తుంది. కనిపించనివి వేరే ఉంటాయి: ఇష్టంగా దాచుకున్న వస్తువులు చెల్లికి ఇచ్చేయడం, "ఇక మీకు నా బాధ ఉండదులే" లాంటి మాటలు, రోజుల తరబడి ఏడ్చిన పిల్ల ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం. ఈ చివరిదాన్ని చూసి తేరుకుందని మురిసిపోకండి. ఆ రోజు ఇంకాస్త దగ్గరగా ఉండండి.

అనుమానం వస్తే సూటిగా అడగండి. పక్కన కూర్చుని, గొంతు పెంచకుండా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?" అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం. అలా జరగదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియక నలుగుతున్న బిడ్డకు ఆ ప్రశ్నే ఊపిరి. అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, "మమ్మల్ని ఏం చేద్దామని?" అనకండి. చెప్పింది పూర్తిగా వినండి, ఆ రాత్రి పక్కనే పడుకోండి, తెల్లారాక సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రాణం తీసుకునే ఆలోచన గట్టిగా ఉందనిపిస్తే తెల్లారే దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరూ చేయవచ్చు, పిల్లలూ చేయవచ్చు. గాలి సోకిందని తాయెత్తుల చుట్టూ తిరిగి ఆ రోజులు పోగొట్టుకోకండి.

పిల్లల స్నేహితులకు ఒక్కమాట: మీ స్నేహితుడు చచ్చిపోవాలని ఉందని చెప్పి "ఎవరికీ చెప్పకు" అన్నా సరే, వెంటనే పెద్దవాళ్లెవరికైనా చెప్పేయండి. వాడికి కోపం వస్తే రానివ్వండి.

కొత్త కాలేజీలో చేర్చేముందు

ర్యాంకుల ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టకండి. విశాఖపట్నంలో చనిపోయిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చదివే చోట శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. మీ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని అడగండి. పేరు చెప్పలేకపోతే ఇంకో కాలేజీ చూసుకోండి.

జరగరానిది జరిగితే

108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి, నాటువైద్యం చేయకండి. పోలీసు కేసవుతుందని ఊళ్లోనే దాచిపెట్టకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. చికిత్స, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదేనని కూడా అందులోనే ఉంది. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మందు సీసానో, మాత్రల అట్టో వెంట తీసుకెళ్లి, ఏది, ఎంత, ఎప్పుడు తీసుకున్నారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.