మాత్ర వేసుకునే ముందు రక్తపోటు చూపించుకోండి

“పక్కింటావిడ రెండేళ్ళుగా వేసుకుంటోంది, ఆమెకేం కాలేదు, నాకూ ఒక పాకెట్టు ఇవ్వండి” అని అడిగే సోదరీమణులు చాలామంది. మాత్ర మంచిదే. కాని ఆమెకు పడింది మీకు పడుతుందో లేదో, చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూస్తేగాని తెలియదు.

ఎందుకంటారా? మాలా-ఎన్ పాకెట్టులో 28 మాత్రలుంటాయి. 7 ఇనుము మాత్రలు పోను, మిగిలిన 21 హార్మోను మాత్రలు. హార్మోన్లంటే మన ఒంట్లోని గ్రంథులు రక్తంలోకి వదిలే రసాయనాలు. రక్తపోటు వీటి చేతిలోనే ఉంటుంది. పోటు తగ్గినప్పుడు మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. కాలేయం తయారుచేసే ఒక ప్రొటీను నుంచి అది యాంజియోటెన్సిన్ అనే హార్మోను పుట్టడానికి దారితీస్తుంది. ఈ హార్మోను రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలుపుతుంది. కాలవలోకి నీళ్ళు ఎక్కువ వదిలి తూము ఇరుకు చేస్తే గట్టుమీద ఒత్తిడి పెరగదూ? ఇదీ అంతే.

మాత్రలో ఉండే ఈస్ట్రోజన్ వల్ల కాలేయం ఆ ప్రొటీనును ఎక్కువగా తయారుచేస్తుంది. 1967లోనే అమెరికా వైద్యులు ఈ సంగతి వెల్లడించారు. అప్పటి మాత్రల్లో ఈస్ట్రోజన్ మోతాదు చాలా ఎక్కువ. ఇప్పుడు మాలా-ఎన్‌లో ఉన్నది 0.03 మిల్లీగ్రాములే. అందుచేత చాలామందికి పోటు కాస్త పెరిగినా హద్దులోనే ఉంటుంది. కొందరికి మాత్రం 140/90 దాటుతుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం వంటివేవీ లేకుండానే దాటవచ్చు!

పోటు అంతకు చేరినవారికి ఈ మాత్ర తగదు. 35 ఏళ్ళు దాటి చుట్ట, బీడీ కాల్చేవారికీ తగదు. శ్రీకాకుళం వైపు అడ్డపొగ పీల్చే అమ్మలు కూడా ఈ మాట దాచకుండా చెప్పాలి.

అలాగని మాత్ర మానేసి ఊరుకోకండి. రక్తపోటు ఉండగా గర్భం వస్తే గుర్రపువాతం వచ్చే భయం ఎక్కువ. అది తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. కాపర్-టిలో హార్మోను లేదు. ఛాయా మాత్రలోనూ లేదు. దాన్ని మొదటి 3 నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి వేసుకోవాలి. నిరోధ్ ఉండనే ఉంది. ఇక పిల్లలు చాలనుకుంటే, భార్యకు రక్తపోటు ఉన్న ఇంట్లో భర్తే వేసెక్టమీకి రావడం న్యాయం కాదా? కోత చిన్నది, ఆ రోజే ఇంటికి పోవచ్చు.

మాత్ర వల్ల పెరిగిన పోటు, మానేశాక సాధారణంగా కొద్ది నెలల్లో దిగుతుంది. దిగకపోతే వేరే కారణం ఉందేమో డాక్టరుగారు చూస్తారు.

కేంద్రానికి నడిచి రాగానే చెయ్యి చాపకండి. అయిదు నిమిషాలు కూర్చోండి. మాత్ర మొదలుపెట్టిన 3 నెలలకు మళ్ళీ ఒకసారి రండి. వాడుతున్న పాకెట్టు కూడా తెచ్చుకోండి.