మట్టిలోని గాయకుడు

వేసవికాలమున తిరుమల కాలిబాటను గాని, తలకోన అడవిని గాని చేరినవారికి చెట్లమీదనుండి ఎడతెగని కీచుధ్వని వినవచ్చును. ధ్వని వినబడును గాని, దానిని చేయు ప్రాణి సులభముగా కంటబడదు. పలువురు దానిని కీచురాయి యని తలంతురు. కాని కీచురాయి మిడుతకు చుట్టము. అది రాత్రివేళ రెక్కను రెక్కతో రాచి కూయును. చెట్టుమీది యీ గాయకుడు పేనుబంకకును, నల్లికిని చుట్టము. దీనిని శాస్త్రజ్ఞులు సికాడా యందురు. ప్రపంచమున వీటి జాతులు 3,000కు పైగా కలవు.

దక్షిణ భారతమున నివసించు సికాడాలలో ప్లాటిప్లూరా యను ప్రజాతి యొకటి. 1843లో అమియో, సెర్విల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దానికా పేరు పెట్టిరి. గ్రీకు భాషలో 'వెడల్పైన ప్రక్కలు గలది' అని దాని యర్థము. తల వెనుకటి కవచము ఇరుప్రక్కలకును చాచుకొని యుండుటచే ఆ పేరు తగియున్నది. ఈ ప్రజాతి ఆఫ్రికా మొదలు జపాను వఱకు వ్యాపించియున్నది. దీని రెక్కలపై గల మచ్చలు చెట్టు బెరడును పోలియుండును. కావుననే కాకులకు గాని, మనకు గాని అది చప్పున కానరాదు.

పాడునది మగపురుగు మాత్రమే. దాని కడుపు మొదట ఇరువైపుల గట్లుదేరిన రెండు పలుచని పొరలుండును. లోపలి కండరము లాగినపుడు ఆ పొర లోనికి నొక్కుకొని, విడిచినపుడు మరల పైకుబుకును. క్షణమునకు అనేక పర్యాయములు ఇట్లు జరుగును. బోలుగా నున్న కడుపు మృదంగమువలె ఆ ధ్వనిని పెంచును. ఫ్రాన్సు దేశపు కీటకశాస్త్రజ్ఞుడు ఫాబర్ ఒకమారు సికాడాలున్న చెట్ల క్రింద ఫిరంగులు పేల్పించెను. గానము ఆగలేదు. వాటికి చెవులు సరిగా వినబడవేమో యని ఆయన సందేహించెను. వాటి కడుపుననే చెవిపొరలు కలవని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

ఆడుపురుగు కత్తివంటి సాధనముతో లేతకొమ్మను చీల్చి, అందు గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడిన చిన్నపిల్ల నేలపై రాలి, పారలవంటి ముందుకాళ్ళతో మట్టిని త్రవ్వుకొని వేళ్ళను చేరును. అచట తొండమును వేరులో గ్రుచ్చి రసమును పీల్చును. ఆ రసము చాలవఱకు నీరే. పోషక పదార్థము అత్యల్పము. అందుచే దాని పెరుగుదల మిక్కిలి నెమ్మది. నాలుగు మారులు మట్టిలోనే కుబుసము విడుచును. పిదప ఒకరాత్రి పైకి వచ్చి, మానుపై కెక్కి, కడపటి కుబుసమును విడిచి రెక్కలతో వెలువడును. అటుపై దాని యాయువు కొన్ని వారములు మాత్రమే.

నేలలోని కాలము జాతిని బట్టి మాఱును. మేఘాలయలోని రిభోయి జిల్లాలో క్రెమిస్టికా రిభోయి యను సికాడా నాలుగేండ్లకొకమారు గుంపులుగా వెలువడును. 2013లో శాస్త్రజ్ఞులు దానికి ఆ జిల్లా పేరే పెట్టిరి. అమెరికాలో 13 ఏండ్లకును, 17 ఏండ్లకును వెలువడునవి కలవు. ఆ రెండు తెగలలో రెండు పెద్ద గుంపులు 1803 తరువాత మరల 2024లో ఒకే యేట బయటికి వచ్చినవి.

ఇందుండి మనము గ్రహింపవలసిన దొకటి కలదు. నేడు మనము వినుచున్న గానము ఎన్నడో రాలిన పిల్లలది. మున్ముందు వినబోవు గానము ఇప్పుడు మట్టిలో నున్నది. ఒక చెట్టును నఱికిన దాని వేళ్ళు ఎండును. వాటి నాశ్రయించిన పిల్లలు ఆకలిచే చచ్చును. ఆ నష్టము ఆ యేడు ఎవరికిని తెలియదు. చెట్ల గానము తగ్గిన నాటికి గాని దాని ఫలితము బయటపడదు. శేషాచలము 2010లో జీవావరణ రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినది. అచటి ఎఱ్ఱచందనమును దొంగలు నఱుకుచున్నారని మనము తఱచు వినుచున్నాము. చెట్టుతో బాటు దాని వేళ్ళ చెంత నున్న ప్రాణికోటియు నశించుచున్నదని గుర్తింపవలెను.

బాలలారా! వేసవి సెలవులలో మీ యూరి మామిడి, వేప మానులను పరికింపుడు. బెరడును పట్టుకొని వీపున చీలిన గోధుమవన్నె కుబుసములు కనబడవచ్చును. ఏ మానుపై ఎన్ని కలవో లెక్కించి, తేదీతో వ్రాసియుంచుడు. మఱుసటి యేడు అదే మానును మరల చూడుడు. పాడు పురుగు మనకు చిక్కకున్నను, అది మట్టినుండి వచ్చినదనుటకు ఆ కుబుసమే సాక్ష్యము.